బండ మీద పద్నాలుగు గుంతలు

2004వ సంవత్సరం సెప్టెంబరులో నన్ను బాగేపల్లి తాలూకా గ్రామవారీ సర్వేకు వేశారు. అప్పటికి చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడలేదు. బాగేపల్లి, చింతామణి, శిడ్లఘట్ట అన్నీ కోలారు జిల్లాలోనే ఉండేవి. పురావస్తు శాఖలో నా హోదా సర్వే సహాయకుడు. నా పైన సహాయక డైరెక్టరు, ఆయన పైన డెప్యూటీ డైరెక్టరు. ఈ చివరాయనను మేమందరం డి.డి. అనేవాళ్లం. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను మొదటి మెట్టు దాటలేదు. పదోన్నతికి అర్హుల జాబితాలో ఆ ఏడు నా పేరు రెండోసారి చేరింది. మొదటిసారి ఎందుకు రాలేదని అడిగితే, చెప్పుకోదగ్గ కొత్త ఆవిష్కరణ ఏదీ లేదన్నారు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత నేను చేసిన పొరపాటుకు సగం కారణం అదే.

ఆ తాలూకాకు నన్నే ఎంచుకోవడానికి కారణం నా తెలుగు. మాది చింతామణి, నాన్నది చిల్లర కొట్టు. ఆ ప్రాంతపు పల్లెల్లో ఇంట్లో తెలుగు, కచేరిలో కన్నడం. మా ఆఫీసులో కన్నడం బాగా వచ్చినవాళ్లు చాలామంది ఉండేవాళ్లు కానీ, మేకల దగ్గర నిలబడి తెలుగులో దారి అడగగలిగినవాడిని నేనొక్కడినే.

గ్రామవారీ సర్వే అంటే పేరుకు తగినట్టే ఉంటుంది. ఒక ఊరికి పోవాలి. గుడి, శాసనం, వీరగల్లు, పాతకాలపు సమాధి, రాతి మీద బొమ్మ, ఏది కనబడినా ఫారం నింపాలి. పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీయాలి. తర్వాత ఇంకో ఊరికి పోవాలి. బాగేపల్లి బస్టాండు పక్కన లాడ్జిలో గది తీసుకొని, పొద్దున్నే ఇడ్లీ తిని, బస్సు దిగినచోటి నుంచి నడిచేవాడిని. అక్టోబరు అయిపోయేసరికి నా ఖాతాలో పడినవి వీరగల్లులు, పగిలిన ఒక నంది, అక్షరాలు అరిగిపోయిన రెండు శాసనాలు. ఇవేవీ కొత్తవి కావు.

నవంబరు రెండోవారంలో పరగోడు దాటి ఒక చిన్న పల్లెకు పోయాను. ఊరి వెనుక గుట్ట, గుట్ట పాదాన ఇల్లంత వెడల్పున చదునుబండ ఉన్నాయి. బండ మీద ఒక మూల చెనిక్కాయలు ఎండబోసి ఉన్నాయి. రెండోమూల వంగి చూస్తే గుంతలు కనిపించాయి. ఒక్కొక్కటి అరచేయి పట్టేంత ఉంది. ఎవరో రాతితో రాతిని కొట్టి చేసినవని చూడగానే తెలుస్తోంది. లెక్కపెడితే పదిహేడు ఉన్నాయి.

ఇక్కడ మా వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. ఇలాంటి గుంతలను మా పుస్తకాల్లో ‘కప్యూల్’ అంటారు, తెలుగులో గిన్నెగుంత అనుకోవచ్చు. రాతియుగపు మనిషి రాతిని పదును పెట్టాడంటే అది అవసరం. మాంసం కోసుకోవాలి. కానీ ఎర్రమట్టి ఒంటికి రాసుకోవడం, గవ్వకు బెజ్జం వేసి మెడలో కట్టుకోవడం, పనికిరాని చోట రాతిని రోజులతరబడి కొట్టి గుంత చేయడం కడుపు నింపే పనులు కావు. వాటిలో ఏదో గుర్తు ఉంటుంది, ఒకదానికి బదులు ఇంకొకదాన్ని నిలిపే ఆలోచన ఉంటుంది. దీన్నే ప్రతీకాత్మక ప్రవర్తన అంటాం. తిండి, గూడు దాటి మనిషి బుర్ర ఎప్పుడు, ఎలా పనిచేసిందో తెలుసుకోవడానికి మాకు దొరికే సాక్ష్యం ఇలాంటి గుర్తులే. కాబట్టి ఆ గుంతలు చూడగానే నాకు కాళ్లు నేలమీద నిలవలేదు.

తొమ్మిది రోజులు ఆ బండ మీదే ఉన్నాను. సుద్దముక్కతో గళ్లు గీశాను. గుంతలకు నంబర్లు వేశాను. వెడల్పు, లోతు కొలిచాను. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం పరిచి గుర్తులు దించుకున్నాను. లోతు తక్కువ గుంత నడిపొద్దు ఎండలో ఫోటోకు అందదు, ఏటవాలు వెలుతురు కావాలి. అందుకని పొద్దున ఏడింటికే అక్కడ ఉండేవాడిని. గుంతల లోపల నల్లటి పొర ఒకటి గట్టిగా అంటుకొని ఉంది. కాలం గడిచినకొద్దీ రాతి మీద ఏర్పడే పొరను మేము ప్రాచీనతకు గుర్తుగా తీసుకుంటాం. అది చూసి నా ధైర్యం రెట్టింపయింది. కొంచెం గీకి, ల్యాబుకు పంపడానికి పొట్లం కట్టి, చీటీ అంటించాను.

రెండోరోజు ఆ బండ యజమానురాలు వచ్చింది. పేరు గంగులమ్మ. అరవై దాటిన మనిషి. చెనిక్కాయలు తిరగేస్తూ నన్ను చాలాసేపు చూసింది.

“ఏమప్పా, మా కళ్లం మీద ఏం గీస్తాండావు?” అని అడిగింది.

“గుంతలు కొలుస్తాండానమ్మా.”

“కొలిచి ఏం చేస్తావు?”

నేను లేచి నిలబడి, పైన రాసిందంతా ఇంకా విపులంగా చెప్పాను. రాత పుట్టకముందు మనిషి ఇలా రాతి మీద తన మనసు పెట్టాడన్నాను. ఆమె నోటి మీద కొంగు అడ్డం పెట్టుకొని శ్రద్ధగా వింది.

“ఇవి చేసి ఎన్నేండ్లయింటాదప్పా?”

“మూడువేలో, నాలుగువేలో ఉంటాయమ్మా.”

గుంతల వైపు చూసింది. నా వైపు చూసింది. “అన్నేండ్లా” అని చిన్నగా అని వెళ్లిపోయింది. ఆ కొంగు చాటు చేసుకోవడం వినయమనుకున్నాను.

మర్నాడు తన వదిన ముద్దమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. ఇద్దరూ పుట్టింది, మెట్టింది ఆ ఊళ్లోనే. “నిన్న చెప్తివే, అది మా వదినకు కూడా చెప్పప్పా” అంది. మళ్లీ చెప్పాను. ముద్దమ్మ అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

“అయితే ఇవి చేసినోళ్లు చానా తెలివైనోళ్లా?”

“చానా తెలివైనవాళ్లమ్మా. ఈ వరస చూడు, ఈ లెక్క చూడు. బుర్ర లేకుండా అయ్యే పనా?”

ముద్దమ్మ ముఖం వెలిగిపోయింది. నాలుగోరోజు నాకు చెంబుతో మజ్జిగ తెచ్చి, ఆ తెలివి సంగతి ఇంకోసారి చెప్పమంది. నా సర్వీసులో అంత శ్రద్ధగా విన్న శ్రోతలు ఎవరూ లేరు.

లాడ్జిలో కూర్చొని నివేదిక రాశాను. గుంతలు రెండు వరసలు, వరసకు ఏడు. బండ వంపును బట్టి వరసలూ కాస్త వంకర తిరిగాయి. మిగిలిన మూడు పక్కన విడిగా ఉన్నాయి. ఏడూ ఏడూ పద్నాలుగు. పాడ్యమి నుంచి చతుర్దశి వరకు తిథులు కూడా పద్నాలుగే. కాబట్టి ఇది చంద్రుడి లెక్క కావచ్చునని రాశాను. విడిగా ఉన్న మూడింటిలో ఒకటి పున్నమి, ఒకటి అమావాస్య అన్నాను. మూడోదానికి ఏమీ దొరకక, గ్రహణం అయ్యుండే అవకాశం ఉందన్నాను.

ఆ నివేదిక డి.డి. గారికి చేరింది. ఆయనది ధారవాడ వైపు. మితభాషి, మడత నలగని చొక్కా వేసుకునే మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. అంతకుముందు నా నివేదికల మీద ఆయన సంతకం తప్ప ఇంకేమీ చేసేవారు కాదు. ఈసారి చంద్రమాన లెక్కను బలపరుస్తూ తన తరపున రెండు పేజీల వ్యాఖ్య రాసి జతచేసి, ప్రధాన కార్యాలయానికి పంపారు. స్థలాన్ని రక్షిత జాబితాకు ప్రతిపాదించమనీ, తాను తనిఖీకి వస్తాననీ నాకు ఉత్తరం వచ్చింది. నేను బండ చుట్టూ తాడు కట్టించి, ఎవరూ లోపల నడవరాదని బోర్డు పెట్టించాను.

అప్పటికి రాగులు కోతకొచ్చాయి. గంగులమ్మ వచ్చి తాడు ఎప్పుడు తీస్తావని అడిగింది.

“ఇంక తీసేది ఉండదమ్మా. దీన్ని గవర్నమెంటు కాపాడతాది.”

“మరి మేం కంకులు యాడ తొక్కించేది?”

“ఇంకో బండ చూసుకోవాలమ్మా.”

ఆమె ముఖంలో అన్నాళ్లూ ఉన్న మర్యాద కొంచెం సడలింది. “మీ పెద్దసారు ఎప్పుడు వస్తాండాడు?” అని మాత్రం అడిగింది. గురువారం అని చెప్పాను.

డి.డి. గారు గురువారం పదిగంటలకు జీపులో దిగారు. తాడు దాటి బండ ఎక్కి, నా ఆవిష్కరణను నాకే వివరించడం మొదలుపెట్టారు. చంద్రుడి గమనం, పంట కాలాలు, ఆదిమానవుడి ఆకాశ పరిశీలన. నేను చేతులు కట్టుకొని వింటున్నాను. ఇంతలో వదినామరదళ్లు వచ్చారు. ఎవరి అనుమతీ అడగలేదు. తాడు ఎత్తి లోపలికి వచ్చి, గుంతలకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ముద్దమ్మ ఒడిలోంచి చింతపిక్కలు తీసి గుంతకు నాలుగు చొప్పున పోసింది. పద్నాలుగు గుంతలు నిండాయి. విడిగా ఉన్న మూడింటి జోలికి పోలేదు.

“నీదే మొదటి ఆట, కానియ్యి” అంది మరదలితో.

గంగులమ్మ ఒక గుంతలోని పిక్కలు చేతికి తీసుకొని, ఒక్కొక్కటి వదులుతూ పోయింది. పిక్కలు రాతికి తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. డి.డి. గారు రెండు ఆటలు చూశారు. తర్వాత చాలా నెమ్మదిగా కన్నడంలో అన్నారు.

“ఇది అళగుళి మణె.”

“అవును సార్. మేము వామనగుంతలంటాం.”

“మా ఇంట్లో ఉండేది.”

“మా ఇంట్లో కూడా ఉండేది సార్.”

చింతామణిలో మా అవ్వ దగ్గర ఏడూ ఏడూ గుంతల కొయ్యపలక ఉండేది. పదేళ్లు వచ్చేవరకు నేను దాని మీద ఆడినవాడినే. తొమ్మిది రోజులు ఒక్కొక్క గుంత లోతు మిల్లీమీటర్లలో కొలిచిన నాకు ఆ పలక ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. డి.డి. గారికి కూడా తన రెండు పేజీలు రాసేటప్పుడు గుర్తుకు రాలేదు.

“మేం మేకలు కాసేటప్పుడు చేసినాం సారూ” అంది గంగులమ్మ ఆయన వైపు తిరిగి. “నాకు పన్నెండు, వదినకు పద్నాలుగు ఉంటాయి. రెండు ఎండకాలాలు పట్టె.”

నేను దాన్ని కన్నడంలో చెప్పాను. అలా మా గుంతల వయసు నాలుగువేల ఏళ్ల నుంచి యాభైకి దిగింది.

“మొదటిరోజే ఈ మాట నాతో చెప్పుంటే బాగుండేది కదమ్మా” అన్నాను.

“నువ్వు అంత సంతోషంగా చెప్తాంటివి. మధ్యలో అడ్డం మాట్లాడితే బాగుండదని ఊరుకొంటిమి” అంది గంగులమ్మ.

“తెలివైనోళ్లు అని కూడా అంటివి కదప్పా” అంది ముద్దమ్మ.

డి.డి. గారికి ఇంకా ఒక ఆశ మిగిలి ఉంది. నల్లటి పొర సంగతి ఏమిటని అడిగారు. నేను పొట్లం విప్పి చూపించాను. గంగులమ్మ మెడ సాచి చూసి, “అది పేడప్పా” అంది. కళ్లం చేసే ముందు ప్రతి ఏడూ బండను పేడతో అలుకుతారు, గుంతల్లో మిగిలింది కడిగేవాళ్లు లేరు. డి.డి. గారు పొట్లం ముక్కు దగ్గరికి తీసుకొని, మళ్లీ జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చారు.

కొంతదూరం నడిచి వచ్చి ఆయన నాతో ఒక మాట అన్నారు. నివేదిక పై ఆఫీసుకు వెళ్లిపోయింది, ఈ ఇద్దరు చెప్పింది కూడా రాతలో పెట్టి తీరాలా అని. బెదిరింపేమీ కాదు, అడిగారంతే. పెడితే ఆయన వ్యాఖ్య నవ్వులపాలవుతుంది, నా పదోన్నతి పోతుంది. పెట్టకపోతే కంకులు తొక్కించుకునే చోటు ఆ ఇంటికి లేకుండా పోతుంది. ఆ క్షణం నాలో ధర్మచింత కంటే భయమే ఎక్కువ ఉంది. బోర్డు పెట్టాక బండను చూడ్డానికి ఏ పండితుడు వచ్చినా, వాళ్లింట్లోనూ ఒక అవ్వ ఉండే ఉంటుంది కదా. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన వాఙ్మూలం తీసుకోమన్నారు.

వాఙ్మూలానికి పద్ధతి ఉంది. పేరు, వయసు, ఊరు, చెప్పిన మాట చెప్పినట్టు, చివర సంతకం లేదా వేలిముద్ర. ముద్దమ్మ తాను చేసిన గుంతలు వేరుగా రాయమని పట్టుబట్టింది. ఆరో నంబరు గుంత తనదంటే తనదని ఇద్దరూ వాదులాడుకున్నారు. చివరికి అది ఉమ్మడి అని రాసుకున్నాను. అన్నీ అయ్యాక, ఫారంలో మిగిలిన మూడు గుంతల గళ్లు ఖాళీగా కనబడ్డాయి.

“ఆటకు పద్నాలుగు చాలు కదా, ఈ మూడు ఎందుకు చేసినారమ్మా?” అని అడిగాను.

“ఊరికే” అంది ముద్దమ్మ.

“ఊరికే ఎవరన్నా రాయి కొడతారా?”

“పని అయిపోయినా చెయ్యి నిలబడలేదప్పా. పైరాతికి ఉండే గుంతలు చూసి అట్లాంటివే ఇంకో మూడు చేస్తిమి.”

పైరాయి యాడ ఉండాదని అడిగాను. ఆమె గుట్ట మీదికి చెయ్యి చూపింది. చూపినచోట కంపచెట్లు తప్ప ఏమీ కనబడలేదు. తొమ్మిది రోజులూ నేను వీపు పెట్టి కూర్చున్నది అటువైపే. కింద ఆవిష్కరణ దొరికాక పైకి ఎక్కాల్సిన అవసరం కనబడలేదు నాకు.

నలుగురం ఎక్కాం. ఆడవాళ్లు ముందు నడిచారు. కంపలో డి.డి. గారి ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. ఆయన దాన్ని చూసుకొని ఎక్కుతూనే ఉన్నారు. పైన ఒక పెద్దరాయి ఏటవాలుగా ఒరిగి ఉంది, ఇంటి కప్పు వాలినట్టు. దాని నిండా గుంతలే. చిన్నవి, పెద్దవి, ఒకదాన్నొకటి ఒరుసుకొని, ఏ వరసా లేకుండా ఉన్నాయి. అంచులు వేలితో తడిమితే నున్నగా తగిలాయి. లోపలా బయటా రాతిది ఒకటే రంగు, అంటే కొట్టి చాలా కాలమైంది. కొన్నింటిలో రాతిపాచి అట్టలు కట్టి ఉంది.

“ఇవి కూడా మీవేనా అమ్మా?” అని అడిగాను. ఈసారి ముందు అడిగాను.

“మావి కాదు. మా అవ్వ చిన్నప్పటికే ఉండాయంట” అంది గంగులమ్మ.

ఆటకైనా పనికొచ్చేవా అని డి.డి. గారు నాచేత అడిగించారు. ముద్దమ్మ ఒక చింతపిక్క తీసి గుంతలో పెట్టింది. అది జారి కిందపడింది. ఇంకో గుంతలో పెట్టింది. అదీ పడింది. “పిక్క నిలబడదు, నీళ్లు నిలబడవు. ఇది ఎందుకూ పనికిరాదు సారూ” అంది.

పనికిరాదన్న ఆ మాటే మాకు కావలసింది. డి.డి. గారు జేబులోంచి నోటుబుక్కు తీసి ఆమె చెప్పింది చెప్పినట్టు రాయమని నాకు ఇచ్చారు. తర్వాత, ఒక గుంతకు ఎంతసేపు పడుతుందో తెలియాలన్నారు. ముద్దమ్మ కిందినుంచి పలుగురాయి ఒకటి ఏరి తెచ్చి, పక్కన విడిగా పడి ఉన్న ఒక రాతి మీద కొట్టి చూపించింది. ఆయన తీసుకొని కొట్టారు. వాచీ చూస్తూ అరగంట కొడితే రూపాయిబిళ్లంత తెల్లమచ్చ, కొంచెం పొడి వచ్చాయి. ఆయన బొటనవేలు కమిలింది.

“మెల్లగా కొట్టల్ల. బలంతో కాదు, కొడతానే ఉండల్ల” అని చెప్పింది ముద్దమ్మ. నేను అనువదించాను. ఆయన తలూపి మళ్లీ కొట్టారు.

ఆ సాయంత్రమే తాడు, బోర్డు తీయించాం. మర్నాడే బండను పేడతో అలికి కళ్లం పెట్టుకున్నారు. నేను సవరణ నివేదిక రాశాను. కింది గుంతల కాలం సుమారు యాభై ఏళ్లు, చేసినవారు ఫలానా ఇద్దరు, వాఙ్మూలం జతచేయడమైనది. డి.డి. గారు తన రెండు పేజీల వ్యాఖ్యను తానే రద్దు చేసుకుంటూ ఒక్క వాక్యం రాసి సంతకం చేశారు. నా మీదికి తోసి ఉండవచ్చు, తోయలేదు. పైరాతి గుంతలకు ‘ఉపయోగం’ అనే గడి దగ్గర ఆగిపోయాను. మా శాఖలో ఉపయోగం తెలియని దేనికైనా ‘పూజాసంబంధం’ అని రాయడం ఆనవాయితీ. అలాగే రాశాను. తర్వాత కొట్టేసి ‘తెలియదు’ అని రాశాను. గడి సరిగా నింపి పంపమని ఫారం తిరిగొచ్చింది. అదే ఫారం మళ్లీ పంపాను. అది ఇంకోసారి తిరిగి రాలేదు.

ఆ ఏడు పదోన్నతి వేరేవారికి వచ్చింది. నాకు కొత్త జిల్లా ఏర్పడ్డాక వచ్చింది, అదీ సీనియారిటీ మీద. పైరాయి సర్వే జాబితాలో చేరింది. పెద్దగా ఎవరూ చూడ్డానికి రాలేదని విన్నాను.

ఆ తర్వాత పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. ఏ బండ మీద ఏ గుర్తు కనబడినా, టేపు తీసేముందు ఆ చుట్టుపక్కల చిన్నప్పుడు మేకలు కాసినవాళ్లు ఎవరున్నారో కనుక్కునేవాడిని. వాళ్లు చెప్పిందంతా నిజం కాదు. కానీ వాళ్లు తమవని చెప్పుకున్నవి తీసేస్తే మిగిలేదే మా పని. ఇంకొకటి, మనం చెప్పేది ఎవరైనా మరీ ఇష్టంగా వింటున్నారంటే, అక్కడ ఆపి వాళ్లను మాట్లాడనివ్వాలి. పైరాతి గుంతలు ఎవరు, ఎందుకు చేశారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఒక్కమాట కాగితం మీద పెట్టడానికి నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు పట్టింది.